సోల్డరింగ్ ఐరన్ కొనేటప్పుడు బిట్ చూడండి, వాట్లు తర్వాత

విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్స్ షాపు కౌంటర్ దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగితే మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని వాట్లండీ?" అనే. ఇరవై ఐదా, ముప్పై ఐదా, అరవయ్యా? నేను తిరిగి అడిగేది మాత్రం "దీనికి బిట్లు విడిగా దొరుకుతాయా, ఏయే సైజులున్నాయి?" అని. బిట్ అంటే అతుకు వేసే లోహాన్ని, అంటే సోల్డర్‌ని, కరిగించే కొస ముక్క. హీటర్ పోవడం అరుదు. రోజూ నల్లబడేది, అరిగేది, గుంటలు పడేది బిట్టే. అతుకు సరిగ్గా పడిందా లేదా తేల్చేదీ అదే. విడి బిట్లు దొరకని ఐరన్ ఎంత చవకైనా నేను ముట్టుకోను.

బిట్ లోపల ఏముందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి. లోపలిది రాగి, వేడిని బాగా మోసుకొస్తుంది కాబట్టి. అయితే కరిగిన సోల్డర్‌లోని తగరం రాగిని తనలోకి కరిగించుకుంటుంది. ఉత్త రాగి బిట్ పని చేసేకొద్దీ కొసన గుంటపడి పొట్టిదైపోయేది ఇందుకే. దాన్ని ఆపడానికి రాగి మీద ఇనుము పూత వేస్తారు. తగరంలో ఇనుము కరగడం చాలా నెమ్మది. సోల్డర్ పాకకూడని వెనక భాగానికి నికెల్, క్రోమియం పూతలుంటాయి. పని జరిగే కొసకి మాత్రం తగరం పట్టించి ఇస్తారు. ఈ ఇనుము పూత ఉన్నన్నాళ్లే బిట్ పని చేస్తుంది. ఆకురాయితోనో ఎమెరీ పేపర్‌తోనో ఒక్కసారి గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది, ఆ తర్వాత లోపలి రాగిని తగరం తినేస్తుంది. ఉత్త రాగి బిట్‌కి మాత్రం ఆకురాయే మందు. కాబట్టి చేతిలో ఉన్నది ఏ రకమో ముందే తెలుసుకోవాలి.

అందుకే షాపుకి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ముక్క వేసుకెళ్తాను. పాత స్పీకర్‌లోదైనా చాలు. ఇనుము పూత ఉన్న బిట్ కొసకి అయస్కాంతం అతుక్కుంటుంది. ఉత్త రాగికి అతుక్కోదు. పైన వెండిలా మెరుస్తూ అయస్కాంతానికి అసలు లొంగని బిట్ కనబడితే, అది పైపైన మెరుగు పెట్టిన రాగి అనుకోవచ్చు.

రెండోది మల్టీమీటర్. 230 వోల్టులకి 25 వాట్ల ఐరన్ అంటే ప్లగ్‌లోని రెండు పిన్నుల మధ్య సుమారు 2.1 కిలో ఓమ్‌లు చూపాలి. 60 వాట్లదైతే 880 ఓమ్‌లు. డబ్బా మీద 25 అని రాసి మీటర్ 1.3 కిలో ఓమ్‌లు చూపిస్తే అది నిజానికి 40 వాట్ల ఐరన్. తర్వాత ఒక ప్రోబ్ బిట్ మీద, రెండోది ఫేజ్ పిన్ను మీద పెట్టాలి. మీటర్ ఏ విలువా చూపకూడదు. మూడు పిన్నుల ప్లగ్ ఉంటే ఎర్త్ పిన్నుకీ బిట్‌కీ మధ్య ఒకటి రెండు ఓమ్‌లకి మించకూడదు. ఈ మూడు కొలతలకీ కలిపి నిమిషం పట్టదు. తీసి చూపించడానికి విసుక్కునే షాపు నుంచి కొనకపోయినా నష్టం లేదు.

ఇక వాట్ల సంగతి. మామూలు ఐరన్‌లో వేడిని అదుపు చేసేది ఏదీ ఉండదు. లోపల పుట్టే వేడి, గాలిలోకి పోయే వేడి సమానమైన చోట బిట్ ఆగుతుంది. స్టాండ్‌లో ఊరికే ఉన్నప్పుడు బాగా వేడెక్కుతుంది, పని మొదలుపెట్టగానే పడిపోతుంది. 25 వాట్లతో చిన్న ప్యాడ్లు (బోర్డు మీద పార్టు కాలు అతికే రాగి చుక్కలు), ఐసీ సాకెట్లు, రెసిస్టర్లు, సన్న వైర్లు హాయిగా అవుతాయి. బోర్డులో వెడల్పుగా పరిచిన గ్రౌండ్ రాగి మీద కెపాసిటర్ కాలు అతకాలంటే చాలదు. చాలడం లేదని మామూలు 60 వాట్ల ఐరన్ తెచ్చి పీసీబీ (పార్టులు అతికే సర్క్యూట్ బోర్డు) మీద పెడితే, ఖాళీగా ఉన్నప్పుడు అది 400 డిగ్రీలు దాటిపోయి బిట్‌ని నల్లబరుస్తుంది, ట్రాక్‌లని, అంటే బోర్డు మీది రాగి దారుల్ని, లేపేస్తుంది. అదే టెంపరేచర్ కంట్రోల్ ఉన్న స్టేషన్‌లో (ఐరన్‌ని కంట్రోల్ పెట్టెకి తగిలించిన సెట్టు) 70 వాట్లు ఉన్నా భయం లేదు. అక్కడ వాట్లు చెప్పేది పడిపోయిన వేడి ఎంత త్వరగా మళ్లీ అందుకుంటుందన్న సంగతే.

మన ఇళ్లలో వోల్టేజ్ కూడా లెక్కలోకి తీసుకోవాలి. వోల్టేజ్ తగ్గితే వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, వర్గం లెక్కన. ఎండాకాలం సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యి 200 వోల్టులకి దిగిందనుకోండి, 25 వాట్ల ఐరన్ 19 వాట్లదైపోతుంది. 250 వస్తే 29 దాటుతుంది. పొద్దున చక్కగా కరిగిన సోల్డర్ సాయంత్రానికి ముద్దలా మారితే ఐరన్ పాడైందనుకోకుండా ముందు మీటర్ పెట్టి స్విచ్‌బోర్డులో వోల్టేజ్ చూడండి.

మామూలు ఐరన్‌తోనే సరిపెట్టుకునేవాళ్లకి ఒక పాత ఉపాయం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఐరన్‌కి వెళ్లే ఫేజ్ వైరులో సిరీస్‌లో ఒక 1ఎన్4007 డయోడ్, దానికి సమాంతరంగా ఒక స్విచ్. స్విచ్ ఆన్ చేస్తే డయోడ్ పక్కకి తప్పుకుని ఐరన్‌కి నిండు కరెంటు అందుతుంది. ఆఫ్ చేస్తే సగం తరంగమే వెళ్లి ఐరన్ సగం వాట్లతో వెచ్చగా కూర్చుంటుంది. 25 వాట్ల ఐరన్ తీసుకునేది 0.11 ఆంపియర్ మాత్రమే, ఆ డయోడ్ ఒక ఆంపియర్ మోయగలదు. పార్టులు వెతికేటప్పుడు, సర్క్యూట్ చూసుకునేటప్పుడు సగం మీద ఉంచి, అతికే ముందు నిమిషం నిండు మీద పెడితే బిట్ నల్లబడటం బాగా తగ్గుతుంది. ఇది 230 వోల్టుల పని కాబట్టి ప్లాస్టిక్ స్విచ్‌బాక్స్ లోపలే ఉండాలి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి. ఇన్సులేషన్ టేప్ చుట్టి టేబుల్ మీద వదిలేసే పని మాత్రం వద్దు.

పక్క స్క్రూతో బిగించే బిట్ ఉన్న ఐరన్‌లో ఇంకో వీలుంది. చల్లగా ఉన్నప్పుడు స్క్రూ వదులు చేసి బిట్‌ని కాస్త బయటికి లాగితే కొస వేడి తగ్గుతుంది, లోపలికి తోస్తే పెరుగుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా కూడా పనిలో తెలుస్తుంది.

ఏడాదికి రెండు మూడుసార్లు వైరు అతకడానికైతే ఈ 25 వాట్ల ఐరన్, దానికి పూత ఉన్న మంచి బిట్ ఒకటి సరిపోతాయి. వారం వారం ఆర్డ్యునో, ఈఎస్పీ32 లాంటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద కూర్చునేవాళ్లు మాత్రం టెంపరేచర్ కంట్రోల్ ఉన్నదే కొనాలి. ఇందులో రెండు రకాలు తేలిగ్గా దొరుకుతాయి. 936 తరహా స్టేషన్లలో హీటర్ వేరు, దాని మీద తొడుగులా ఎక్కే 900ఎం బిట్ వేరు. బిట్లు చవక, కానీ హీటర్‌కీ బిట్‌కీ మధ్య సందు ఉంటే వేడి సరిగ్గా అందదు. టీ12 రకంలో హీటర్, వేడిని కొలిచే థర్మోకపుల్ రెండూ బిట్ కొసకి ఆనుకునే లోపల ఉంటాయి, అందుకే వేడి వెంటనే అందుకుంటుంది. బిట్ ఖరీదు ఎక్కువైనా నేను ఇదే ఎంచుకుంటాను. టీ12 బిట్ సుమారు 8 ఓమ్‌లు. 24 వోల్టులిస్తే 72 వాట్లు, పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులతో 45 వాట్లు. కంట్రోలర్ 12 నుంచి 24 వోల్టుల దాకా తీసుకునేదైతే ఇంట్లో పడున్న 65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ దానికి భేషుగ్గా సరిపోతుంది. పైన్‌సిల్ లాంటి యూఎస్‌బీ-సీ ఐరన్లు కూడా బాగుంటాయి. అయితే మామూలు ఫోన్ చార్జర్ పెట్టి వేడెక్కడం లేదనుకోకండి, 20 వోల్టులిచ్చే పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ కావాలి.

ఏ ఐరన్ కొన్నా దాంతో పాటు వచ్చే సూదిమొన బిట్ తీసి డబ్బాలో పడేస్తాను. సన్న పనికి సన్న మొన కావాలి అనిపించడం సహజమే, కానీ సూదిమొన ప్యాడ్‌ని ఒక చుక్క మేరకే తాకుతుంది, వేడి దిగదు. దిగడం లేదని టెంపరేచర్ పెంచుతారు, బిట్ నల్లబడుతుంది, ఇంకా దిగదు. కొత్తవాళ్ల ఐరన్లలో సగం ఇలాగే చెడిపోతాయి. ఉలిమొన బిట్ 2.4 మిల్లీమీటర్లది (టీ12లో డీ24, 900ఎంలో 2.4డీ) పీసీబీ పనుల్లో ముప్పాతిక భాగానికి చాలు. పక్కపక్కనే ఉన్న ఐసీ కాళ్ల మీద ఒకేసారి లాగడానికి, మందపాటి వైర్లకి కత్తిమొన 'కే' రకం. ఈ రెండూ ఉంటే మూడోది కొనాలనిపించదు.

మొదటి వేడి ముఖ్యం. కొత్త బిట్ కొసకి కంపెనీ పెట్టిన తగరం పొర చాలా పలచన, గాలి తగులుతూ వేడెక్కితే నిమిషాల్లో మాడిపోతుంది. స్టేషన్ అయితే ముందు 250 డిగ్రీలు పెట్టి, సోల్డర్ వైరు కొసకి తగిలించి ఉంచండి. కరగడం మొదలవగానే కొస చుట్టూ తిప్పుతూ నిండుగా పూయాలి, ఆ తర్వాతే 330కి పెంచాలి. కంట్రోల్ లేని ఐరన్‌కైతే ఇది ఇంకా అవసరం. ప్లగ్ పెట్టి పక్కకి వెళ్లకుండా అక్కడే కూర్చుని, సోల్డర్ కరిగే తొలి క్షణంలోనే పట్టించాలి. మొదట వచ్చే కాస్త పొగ, వాసన హీటర్‌వి, కంగారు అక్కర్లేదు.

సోల్డర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బిట్ మీద పడే నింద సగం సోల్డర్‌దే. తగరం 63, సీసం 37 పాళ్లలో ఉన్నది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 అయితే 183 నుంచి 190 మధ్య కొద్దిగా ముద్దగా ఉంటుంది, అదీ ఫరవాలేదు. మధ్యలో రోసిన్ ఫ్లక్స్ (లోహం మీది ఆక్సైడ్ పొరని తొలగించే, పైన్ చెట్టు జిగురుతో చేసిన పదార్థం) ఉన్న 0.7 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరు తీసుకోండి. షాపులో 22 గేజ్ అంటే 0.71 మిల్లీమీటర్లు. 18 గేజ్ లావు, ప్యాడ్ల మీద ముద్దలు కడుతుంది. చవక చుట్టల మీద 60/40 అని అచ్చేసి లోపల సీసం ఎక్కువ పోసినవి ఉంటాయి. 40/60 మిశ్రమం 238 డిగ్రీల దగ్గర గానీ పూర్తిగా కరగదు. కాబట్టి స్టేషన్‌ని 220 దగ్గర పెట్టి వైరు తాకించండి. అసలైన 60/40 నీళ్లలా పారుతుంది, కల్తీది తడి ఇసుకలా ముద్దకట్టి బిట్‌ని పట్టుకుంటుంది. సీసం లేని రకం, అంటే తగరంలో వెండి, రాగి కలిపినది 217 పైన గానీ కరగదు కాబట్టి టెంపరేచర్ పెంచాలి, బిట్ కూడా త్వరగా అరుగుతుంది. హాబీ పనికి దాన్ని నేను వాడను.

ఫ్లక్స్ పేస్ట్ డబ్బాల విషయంలో జాగ్రత్త. జింక్ క్లోరైడ్ ఉన్న పేస్ట్ ఆటోనగర్‌లో రేడియేటర్ అతుకులకీ, రేకు పనికీ సరే. పీసీబీ మీద మిగిలిపోతే కాళ్లని, ట్రాక్‌లని తినేస్తుంది, బిట్ పూతని కూడా. ఇత్తడి గిన్నెలకి కళాయి పెట్టడానికి వాడే నవసారం కూడా ఇదే కోవ. మొండికేసిన ఉత్త రాగి బిట్ మీద రుద్దితే వెంటనే తగరం పడుతుంది, నిజమే. కానీ ఆ పొగ మంచిది కాదు, ఆ బిట్ తుడవకుండా బోర్డు మీద పెట్టకూడదు. బోర్డుకి రోసిన్ చాలు. ఒక వంతు రోసిన్‌ని మూడు నాలుగు వంతుల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కరిగించి చిన్న సీసాలో పోసుకుంటే నెలలు వస్తుంది. సీసా మూత పెట్టాకే ఐరన్ చేతికి తీసుకోవాలి, ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది.

పనిలో ఉండగా పాటించేది ఒకటే, బిట్ కొస ఎప్పుడూ తడిగా మెరుస్తూ ఉండాలి. చాలామంది అతికిన తర్వాత శుభ్రంగా తుడిచి స్టాండ్‌లో పెడతారు. వరస తిరగెయ్యండి. అతికిన తర్వాత తుడవకుండా, మిగిలిన సోల్డర్‌తోనే స్టాండ్‌లో పెట్టండి. మళ్లీ తీసినప్పుడు తుడిచి, చుక్క కొత్త సోల్డర్ తగిలించి అతకండి. గాలి తగిలేది సోల్డర్‌కి తగులుతుంది, ఇనుము పూతకి కాదు. అతుకు దగ్గర ఉలిమొన చదునైన వైపు ప్యాడ్‌నీ కాలునీ రెండింటినీ ఒకేసారి తాకాలి. ఒక సెకను ఆగి వైరుని ఎదుటి వైపు నుంచి అందించాలి. ముందు వైరు తీయాలి, తర్వాత బిట్. మొత్తం రెండు మూడు సెకన్లు. దానికి మించి పడుతుంటే టెంపరేచర్ పెంచే ముందు పెద్ద బిట్ మార్చి చూడండి. సీసం ఉన్న సోల్డర్‌కి 320 నుంచి 350, వెడల్పాటి గ్రౌండ్ రాగి మీద కాసేపు 370. నా స్టేషన్ 380 ఎప్పుడూ దాటదు.

మన ఊళ్లో మే నెలలో సీలింగ్ ఫ్యాన్ ఆపి పని చేయమంటే ఎవరూ వినరు. కానీ ఆ గాలి సన్న బిట్‌నీ అతుకునీ చల్లబరుస్తుంది, అతుకు గరుకుగా తేలి డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టని అతుకు, అవుతుంది. టేబుల్‌ని ఫ్యాన్ కింద నుంచి గది మూలకి జరిపి, పొగ లాగడానికి కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి (12 వోల్టులు, 120 మిల్లీమీటర్లు) పని వెనక జానెడు దూరంలో, గాలి అవతలికి పోయేలా పెట్టుకోండి.

తుడవడానికి ఇత్తడి పీచు నా మొదటి ఎంపిక. ఇత్తడి ఇనుము పూత కంటే మెత్తన కాబట్టి గీరదు, బిట్ చల్లారిపోదు. వంటింట్లో గిన్నెలు తోమే స్టీలు పీచు దీనికి బదులు కాదు, అది పూతని గీకేస్తుంది. స్పాంజ్ వాడితే పిండినా నీళ్లు కారనంత తడి చాలు. బోరు నీళ్లు పోయకండి. ఉప్పు తేరిన స్పాంజ్ మీద తుడిస్తే ఆ తెల్లటి పొర బిట్‌కి అంటుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ ఇంట్లో ఎలాగూ ఉంటుంది, అదే పోయండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి బిట్ మొండికేస్తుంది. దగ్గరగా చూస్తే దశలు తెలుస్తాయి. మొదట వెండి రంగు పోయి పసుపు జీర వస్తుంది, తర్వాత గోధుమ రంగు, నీలం, చివరికి బొగ్గు నలుపు. నలుపు దశలో సోల్డర్ కొసకి అంటకుండా గుండ్రంగా పూసలా చుట్టుకుని వెనక్కి పాకిపోతుంది. అప్పుడు టెంపరేచర్ పెంచకూడదు, వేడి పెరిగితే ఆక్సైడ్ పొర మందమవుతుంది. 250కి దించి, ఇత్తడి పీచులో ఒకసారి గుచ్చి, వెంటనే ఫ్లక్స్ ఉన్న తాజా సోల్డర్ ముంచి, మళ్లీ గుచ్చి... ఇలా పదిసార్లు ఓపికగా చేయండి. దిగకపోతే డీసోల్డరింగ్ విక్ (సోల్డర్‌ని పీల్చుకునే రాగి పోగుల పట్టీ) ముక్క మీద రోసిన్, సోల్డర్ వేసి, అందులో కొసని పొర్లిస్తూ మెత్తగా రుద్దండి. ఆ అల్లిన రాగి పోగుల మధ్య మసి ఊడొస్తుంది. ఆఖరికి టిప్ టిన్నర్ డబ్బా. అందులో సోల్డర్ పొడి, ఆక్సైడ్‌ని కొరికే రసాయనం కలిసి ఉంటాయి, వేడి కొసని అర సెకను ముంచి తీస్తే తెల్లబడుతుంది. దాన్ని రోజూ వాడితే పూత అరుగుతుంది. తర్వాత తుడిచి మామూలు సోల్డర్ పూయడం మర్చిపోవద్దు.

ఫోన్ కెమెరా జూమ్ పెట్టి చూసినప్పుడు కొసలో సూది గుచ్చినంత నల్ల గుంట కనబడిందంటే పూత చిల్లుపడినట్టే. లోపలి రాగి ఆ చిల్లులోంచే కరిగిపోతుంటుంది. దానికి వైద్యం లేదు, బిట్ మార్చడమే. టీ12 రకంలో స్క్రీన్ మీద ఎర్రర్ వస్తే బిట్ తీసి మల్టీమీటర్‌తో కొలవండి. సుమారు 8 ఓమ్‌లు చూపకుండా ఓపెన్ చూపిస్తే లోపలి హీటర్ తెగింది. 8 దగ్గరే చూపిస్తే హ్యాండిల్ లోపలి స్ప్రింగ్ పత్తీల్నో, వైర్లనో అనుమానించాలి.

వారానికోసారి చల్లగా ఉన్నప్పుడు స్క్రూ రకం బిట్‌ని బయటికి లాగి, గొట్టంలోని పొలుసులు దులిపేయండి. అలా వదిలేస్తే బిట్ గొట్టంలో బిగుసుకుపోతుంది, లాగబోతే హీటర్ కూడా ఊడొస్తుంది. 900ఎం రకంలో నట్ వేళ్లతోనే బిగించాలి. పటకారు పెడితే పింగాణీ హీటర్ పగులుతుంది. సోల్డర్ దులపడానికి హ్యాండిల్‌ని టేబుల్ అంచుకి కొట్టినా అదే జరుగుతుంది. పని అయిపోయాక కొసకి పెసరగింజంత సోల్డర్ ముద్ద పెట్టి, తుడవకుండా స్విచ్ ఆపేయండి. స్టేషన్‌లో స్లీప్ ఉంటే అయిదు నిమిషాలకి 200కి దిగేలా పెట్టుకోండి.

ఎర్తింగ్ చివర్లో చెబుతున్నా చిన్న విషయం కాదు. రెండు పిన్నుల ఐరన్ బిట్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే పదుల వోల్టులు చూపిస్తుంది. కరెంటు స్వల్పమే అయినా మోస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) గేటు పాడవడానికి అది చాలు. మూడు పిన్నులు ఉన్నంత మాత్రాన సరిపోదు, పాత ఇళ్లలో సాకెట్‌లో మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టించి చూడండి. అది నిండుగా వెలగకపోతే ఎర్త్ లేనట్టే. బోర్డుకి కరెంటు ఉండగా, యూఎస్‌బీ తగిలించి ఉండగా ఐరన్ పెట్టకండి.

మనం వాడే వేడికి సీసం ఆవిరి కాదు, కంటికి కనబడే పొగంతా రోసిన్‌ది. అది ఆస్తమా ఉన్నవాళ్లకి బాగా ఇబ్బంది. సీసం ఒంట్లోకి చేరేది చేతుల ద్వారానే. టేబుల్ మీద టీ, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని సోల్డర్ చేయకూడదు, లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. ఇత్తడి పీచు కింద రాలే సోల్డర్ పూసల్ని చెత్తబుట్టలో వేయకుండా మూత ఉన్న డబ్బాలో దాచి, పిల్లలకి అందని చోట పెట్టండి. డబ్బా నిండాక ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయొచ్చు.